ఏటుకూరు మలుపు, రాత్రి రెండు

మా లారీ ఆగి గంటన్నర.
ముందు నలభై లారీలు, వెనక ఎన్నో తెలీదు,
అన్నీ యార్డుకే, అన్నీ మిరపకాయలే.
లోడు పైన, తాడు మీద కాలేసుకుని
వెల్లకిలా పడుకున్నాను.
కింద డ్రైవరు తుమ్ముతున్నాడు.
ఇరవై ఏళ్లుగా ఈ ఘాటులోనే తిరుగుతున్నాడు,
ఇంకా తుమ్ముతాడు.

"రెక్క వస్తోందంట" అన్నాడు క్లీనరు తల పైకెత్తి.
ఏ పిట్టదిరా, అన్నాను.

ముందు ఏసుపాదం వచ్చాడు.
కరెంటాఫీసులో కాంట్రాక్టు మనిషి, మా పేటవాడే.
పొడుగాటి గెడతో
తీగల్ని ఒక్కొక్కటే ఎత్తి పడుతున్నాడు,
దండెం మీద తడి చీర తలకి తగలకుండా
చుట్టాన్ని లోపలికి రమ్మన్నట్టు.
అటు కాలనీ అంతా చీకటి.
"గాలితో కరెంటు తీస్తారంట,
దానికోసం మా కరెంటు తీసేశారు!"
మేడ మీద ఎవరో ఆడమనిషి
విసనకర్ర ఆపకుండానే తిట్టింది.

తర్వాత అది.
తెల్లగా, అరవై మీటర్లు.
మొదలు మమ్మల్ని దాటిపోయాక కూడా
చివర ఎక్కడుందో అడగాల్సి వచ్చింది.
వెనక చక్రాల పక్కన ఒక బీహారు కుర్రాడు
చేతిలో రిమోటుతో నడుస్తూ
ముందున్న డ్రైవరుకి సెట్లో చెప్తున్నాడు:
ధీరే... ధీరే...
ముందువాడు ఎడమకి తిప్పితే
వీడు కుడికి తిప్పాడు.
ఆ రెండూ కలిసి
మెల్లగా ఒక మలుపయింది.

ఖాజావలి పంక్చరు షాపు రేకు అడ్డమొచ్చింది.
ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.
తనే ఎక్కి, తనే విప్పి,
"పాత బోల్టులు మళ్లీ పట్టవు,
కొత్తవి మీరే కొనియ్యాలి" అన్నాడు
ఆ తెల్లటి దానికేసి చూడకుండా.

పదహారు టన్నులంట.
నాకు బరువంటే టిక్కీలే.
నలభై కిలోల చొప్పున వేసుకున్నాను, నాలుగొందలు.
మా ముఠాకి ఒక పూట పని.
కానీ దీనికి వీపు ఆనించే చోటేదీ?
కొక్కెం గుచ్చడానికి గోనె ఏదీ?

నా పక్కనుంచే జరిగింది, చేయి చాస్తే అందేంత.
చాచాను.
మంచుకి తడిసి, కొరమీను వీపంత నున్నగా ఉంది.
దారి పొడుగునా ఎన్ని ఊళ్ల గాలి పీల్చిందో గానీ
మా ఊరి గాలికి మాత్రం
అది కూడా ఒక్క తుమ్ము తుమ్మే ఉంటుంది.

నేను చేయి కదపలేదు.
అదే కదిలింది.
పొద్దుట్నించి కాయల్లో నానిన నాలుగు వేళ్లూ
దాని మీద ఎర్రగా గీసుకుపోయాయి
బారెడు, రెండు బారలు,
ఆపైన చీకట్లో కనపడలేదు.

అనంతపురం అవతల కొండల మీద నిలబెడతారంట.
వానే కడుగుతుందో,
ఈలోపు ఏ ఇంజనీరో చూసి గుడ్డ తెమ్మంటాడో.
నేను ఆ వైపు ఎప్పుడూ పోలేదు.

కాలనీలో లైట్లొచ్చాయి.
ఏసుపాదం గెడ కింద పెట్టి
మెడ పట్టేసిందిరా, బీడీ ఉందా, అన్నాడు.
రాత్రంతా పైకి చూసిన మెడ అది.
నాకూ పడుతుంది, కిందికి చూసీ చూసీ.
బీడీ విసిరాను, పట్టుకోలేకపోయాడు.

ముందు లారీ కదిలింది.
నిద్రమత్తులో
అదే చేత్తో కన్ను నలుపుకున్నాను.