లాకుకీ గేటుకీ మధ్య

సాయంత్రం ఆరింటికి
నేలపూడి దయానందం గారు గేజీ చూసొచ్చి
గుమ్మం బయటే చెప్పులు విప్పి
"ఆరడుగుల నాలుగంగుళాలమ్మా" అంటారు.
నేను అంకె కొడతాను, ఎక్స్‌పోర్ట్ నొక్కుతాను.
లొల్ల లాకుల దగ్గర నా ఉద్యోగం ఇంతే.
ఔట్‌సోర్సింగు. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం.

ధవళేశ్వరం నుంచి ఫోను:
"ఫైలు తెరుచుకోవట్లేదు. పేరులో ఏదో చెత్త పడింది, చూడండి."
చూశాను.
ఖాళీ ఉండాల్సిన చోట శాతం గుర్తు, రెండు, సున్నా.
తేదీలో గీత ఉండాల్సిన చోట ఇంకో శాతం.
నడిమధ్యన ఒక బోలు డబ్బా,
తలుపు ఊడిపోయిన కిటికీలా.

దాళ్వాకి వంతులవారీ నీళ్లు.
ఒక్కరోజు గేజీ అందకపోతే
శివారు చేలవాళ్లు పైవాళ్లని తిడతారు,
పైవాళ్లు ఆఫీసుని తిడతారు,
ఆఫీసు నన్ను.

ముందు తేదీల్లో ఏటవాలు గీతలు తీశాను.
చుక్కలు పెడితే తేదీ తోకని ఫైలు రకం అనుకుంది,
అడ్డగీతలు పెట్టాను.
ఖాళీలు మూశాను.
శాతాలు పోయాయి.
డబ్బా పోలేదు.
జాబితాలోంచి పేరు మళ్లీ తెచ్చుకుంటే
దాన్ని చంకనేసుకునే వచ్చింది.

ఏడున్నరకి, దోమలబత్తి సగమయ్యాక,
బాణం మీట మీద వేలు పెట్టి
ఒక్కో అక్షరమే దాటించాను.
లా దాటింది. క్ దాటింది.
ఇంకోసారి నొక్కితే
కర్సరు కదల్లేదు.
మళ్లీ నొక్కితే, గే.

అక్కడ ఏదో ఉంది.
వెడల్పు లేదు, రంగు లేదు, చప్పుడు లేదు.
ఎన్నేళ్ల కిందటో జాబితా టైపు చేసిన ఎవరో
రెండక్షరాలు ఒకదానిమీదొకటి పడకుండా
మధ్యలో పెట్టి వెళ్లిన అడ్డు.
ధవళేశ్వరం చెత్తన్నది దాన్నే.

తీసేశాను.
తుడిచిన పలకలా వచ్చింది ఫైలు:
లాక్గేట్.

టార్చి కోసం లోపలికొచ్చిన దయానందం గారు
తెరమీదికి వంగారు.
ముప్ఫయ్యొక్క ఏళ్లుగా కొంకితో గుర్రపుడెక్క లాగిన చేయి
బల్లకి ఆనించి
"ఇదేంటమ్మా, గేటు లాకు కిందకి దిగిపోయింది?" అన్నారు.

నిజమే.
క కాళ్ల కింద గ మునిగిపోయింది,
దాని ఏత్వం మాత్రం క నెత్తిమీద తేలుతోంది.

చెప్పాను ఆయనకి,
కనిపించని అడ్డొకటుందని,
ఉంచితే ధవళేశ్వరంలో తెరుచుకోదని,
తీస్తే ఇదిగో, ఇలా.
గోడమీది బల్లిని చూస్తూ విన్నారు.
"లాక్ ఏంటమ్మా, లాక్?
మా నాన్న లస్కరుగా చేసినప్పట్నుంచీ లాకు.
లాకుగేటు."

కొట్టాను.
కకి కొమ్మొచ్చింది.
గే వచ్చి పక్కన నిలబడింది, ఎవరి కాళ్ల మీద వాళ్లు.
మధ్యలో ఎవర్నీ కాపలా పెట్టక్కర్లేదు.

"వచ్చింది" అని ధవళేశ్వరం ఒక్క మాట పంపింది.
ఏం చేశావని ఎవరూ అడగలేదు.

జాబితా కిందికి జరిపాను.
ఇంకా నలభైమూడు పేర్లు.
"హెడ్‌స్లూయిస్‌ని మీరేమంటారండీ?"
ఆయన అప్పటికే గట్టు మీదున్నారు,
టార్చి వెలుగు నీళ్లమీద పడి వంకరపోతోంది.
"తూము" అని వినిపించింది,
తర్వాత గొలుసు చప్పుడు.