సన్నని చెయ్యి

మే నెల పదిహేడు. ఐస్‌లాండ్ ఉత్తరాన
రాత్రి అన్నది పేరుకే మిగిలే కాలం.
పన్నెండు దాటినా కొట్టం కిటికీలో
పలచని మజ్జిగలాంటి వెలుతురు.
బయట మంచు. నిన్నా అంతే, మొన్నా అంతే.
గడ్డి మొలవలేదు.
నెలలు నిండాక గొర్రెలు ఆగుతాయా?

నోటుబుక్కులో రాస్తూ వస్తున్నాను:
నలభై ఒకటి – కవలలు, ఒకటి దక్కింది.
పంతొమ్మిది – ఈసుకుపోయింది.
ముప్పై – తల్లి లేచింది, పిల్ల లేవలేదు.
వేళ్ల కణుపులు వాచి
పెన్సిలు కూడా బరువే ఈ ఏడు.

అరవై రెండుకి నొప్పులు మొదలై మూడు గంటలు.
ఒక గిట్ట కనబడింది. ఒక్కటే.
తల వెనక్కి మళ్లి ఉంటుందని తెలుసు,
చెయ్యి పెట్టి తిప్పాలని తెలుసు,
ముప్పై ఏళ్లు చేసిన పనే.
సబ్బు రాసుకున్నాను. పిడికిలి ముడుచుకోదు, చాచుకోదు.
గొర్రె నాకేసి చూసింది
అప్పు తీరుస్తావా లేదా అన్నట్టు.

పశువుల డాక్టరు తొంభై కిలోమీటర్లు, కనుమ దారి మూసుకుపోయింది.
మిగిలింది వాగవతల స్టెయిన్‌గ్రిమూర్.
అతని పొట్టేలు నా మందలో పడిన ఏడాది నుంచి
మాకు మాటల్లేవు.
ఆ పొట్టేలు చచ్చి కూడా చాలా కాలమైంది.
కంచె మాత్రం చెరో పక్క నుంచి బాగుచేస్తూనే ఉంటాం.
ఫోను తీశాడు. ఏమీ అడగలేదు.

ట్రాక్టరు వచ్చింది. తను దిగలేదు,
కూతుర్ని దింపాడు. ఆల్ఫ్‌దీస్‌కి పదకొండేళ్లు,
పడుకునే గౌను మీద నాన్న కోటు,
బుగ్గ మీద ఇంకా దిండు ముడతలు.
"మోచేతి దాకా కడుక్కో" అన్నాను.
కళ్లు మూసుకుని వెతికింది
కరెంటు పోయినప్పుడు బీరువాలో వెతికినట్టు.
"ఇది చెవి" అంది.
"ఇది... నోరు. నా వేలు చప్పరిస్తోంది."

ఆ మాటకి నేను గోడ పట్టుకున్నాను.

దవడ కింద వేలు వంచి తిప్పు.
రెండో కాలు తెచ్చుకో.
నొప్పి వచ్చినప్పుడే లాగు, దాని పని దాన్ని చెయ్యనీ.
పిల్ల జారింది, పొగలు కక్కుతూ.
ముక్కులో గడ్డిపరక పెట్టాను. తుమ్మింది.
తల్లి నాకడం మొదలుపెట్టింది
ముందు పిల్లని, తర్వాత ఆ అమ్మాయి చేతిని,
తేడా తెలియకో, అక్కర్లేకో.

వెనకాల ఇంకొకటి ఉంది. చల్లగా.
గోనెసంచిలో చుట్టాను. అమ్మాయి చూస్తూనే ఉంది,
నేను దాచలేదు.

హారను మోగింది, ఒకసారి, చిన్నగా.
ఏమివ్వాలో తోచక ఎండుచేప పొట్లం ఇచ్చాను.
అతను అద్దం దించాడు.
"ఉత్తరం మూల కంచె వంగింది."
"చూశాను."
ఏడేళ్లలో ఇదే పెద్ద సంభాషణ.

నోటుబుక్కు తెరిచాను. అరవై రెండు –
పెన్సిలు ఆ పిల్లకిచ్చి రాయించి ఉండాల్సింది.
ఇంకా పధ్నాలుగు ఈనాలి.
యాభై ఎనిమిది అప్పుడే కాలితో నేల గీరుతోంది.