ఉత్త గిన్నె ఇయ్యొద్దు

దేవరకొండ బస్టాండుకు ఎదురుంగ నా జిరాక్సు దుకాణం.
పహాణీలు, ఆధారు తిప్పలు, పిలగాండ్ల హాల్‌టికెట్లు,
ఇవే నా పంటలు.
ఆమె మాత్రం కాయితం తేలే.
గుడ్డసంచిలకెళ్లి స్టీలు టిపిని తీసి
కౌంటరు మీద పెట్టింది.
"దీని మనిషిని కంపూటర్ల ఎతుకు బిడ్డా."

పేరు ఈదమ్మ. చందంపేట అవతల ఊరు.
తొమ్మిదేండ్ల కింద పెనిమిటి లింగస్వామి
తాడు మీదికెళ్లి పడ్డడు.
నల్లగొండ పెద్దదవఖానల పదకొండు రోజులు.
పక్క మంచం కాడి ఆడమనిషి
తన మొగనికి తెచ్చిన దాంట్లకెళ్లే
రోజూ ఇంత పెట్టింది ఈమెకు.
పన్నెండో నాడు తెల్లారేసరికి
ఆ మంచం మీద కొత్త దుప్పటి.
మంచం కింద టిపిని.
ఎటు పోయిన్రో నర్సు చెప్పలే.

"పేరేందమ్మా ఆమెది?"
"అక్కా అంటుంటి."
"ఇంటిపేరు?"
"అన్నం తినేటప్పుడు ఇంటిపేరు అడుగుతరా?"

హాలియా దిక్కట.
కొడుకు చింటు అట, పాలిటెక్నికట.
ఎడమ చేతికి తేలు పచ్చబొట్టట.
గూగులుకు తేలు తెలుసు.
కుడితే ఏం చెయ్యాల్నో చెప్పింది.

మూత తిప్పి చూసిన.
చుక్కలు చుక్కలుగ కొట్టిన అక్షరాలు:
మే. మామ బొడ్డుపల్లి సత్తయ్య, 14-5-93.
తోమి తోమి సత్తయ్య వత్తు అరిగిపోయింది.
పెట్టినోని పేరే గని
అందుకున్నామె పేరు లేదు.
మన గిన్నెల మీద ఎప్పుడూ గంతే.

సత్తయ్యల వెంట పడ్డ.
ఫేసుబుక్కుల ముప్పై ఇద్దరు.
ఒకాయన బర్రె పక్కన నిలబడ్డడు,
ఒకాయన ఎమ్మెల్యే పక్కన,
ముగ్గురికి ముఖం జాగల మందారపువ్వు.
ఓటరు లిస్టులు దించుకున్న, బూతు తర్వాత బూతు.
తండ్రి పేరుకు గడి, భర్త పేరుకు గడి,
ఇంటి నంబరుకు గడి.
మేనమామకు గడి లేదు.

టిపిని అడుగున కొట్టోని ముద్ర,
ఐదంకెల పాత ఫోను.
ముందట రెండు పెట్టి కొట్టిన.
ఈ నంబరు వాడుకలో లేదని
ఒకామె ఎంత మర్యాదగ చెప్పిందో.

ఒకసారి నిజంగనే ఒక ఆడమనిషి ఎత్తింది.
"నా నంబరు నీకెట్ల దొరికింది?"
చెప్తుంటే నాకే భయమైంది.
పెండ్లిపత్రిక ఫోటో, కొడుకు క్రికెట్టు టీము,
ఎవరో చందా రాసిన లిస్టు.
మూడు ముక్కలు అతికితే ఒకరింటి తలుపు.
అదీ తప్పు తలుపు.
పెట్టేసిన. ఆ దినం మల్ల మౌసు ముట్టలే.

ఈదమ్మ మంగళారం మంగళారం అంగడికొస్తది.
టిపిని ఉత్తగ రాదు.
"దొరికిందే అనుకో,
ఉత్త గిన్నె ఎట్ల చేతుల పెడ్త?"
ఓ వారం గుడాలు, ఓ వారం సర్వపిండి,
జొన్నరొట్టె మీద చింతకాయ తొక్కు.
దొరకలేదమ్మా అంటె
కండ్లు దించి మూత తీస్తది.
"నువ్వన్న తిను."
తింట. కడిగిస్త.
ఇరవై వారాలాయె.

నిన్న పొద్దుగూకినంక
పాలిటెక్నిక్ పాతోళ్ల ఫోటో ఒకటి తగిలింది.
వెనక వరుసల బక్క పిలగాడు,
పేరు పక్కన, బ్రాకెట్ల, చింటు.
వాని పేజీకి పోతే
బోరు మోటర్లు బాగుచేయబడును,
కింద నంబరు.
ఇంకో ఫోటోల తల్లి భుజం మీద చెయ్యేసిండు.
ఆమె ఎడమ చెయ్యి పెద్దగ చేసి చూసిన.
పెద్దగ చేసినకొద్దీ చెదిరింది.
తేలో, గాజు నీడనో.

నంబరు చిట్టీ మీద రాసుకున్న.
మడిచి డ్రాయరుల ఏసిన.
మల్ల ఎవరినన్న బెదరగొడతనేమో అని
ఆగిన,
అనుకుంటున్న.

రేపు మంగళారం.
పొద్దటి సంది నాలికె మీద
చింతకాయ తొక్కు యాదికొస్తున్నది.