ఎడమ కిటికీ

మాధవాయిపాలెం రేవులో పంటు దిగి
తడి చెప్పులతోనే కొట్టు మెట్టెక్కింది ఎస్తేరు.
జిరాక్స్, లామినేషన్, విమానం టిక్కెట్లు:
మా బోర్డు మీద వరస అదే.
"కువైట్ నించి మస్కట్ ఎంత దూరమండీ?"

తన టిక్కెట్టు హైదరాబాదు నించి కువైట్‌కి.
మస్కట్ ఊసు అందులో లేదు.
అయినా అడిగింది కదా అని కొట్టి చూశాను.
పన్నెండు వందల కిలోమీటర్లు,
రెండు గంటలు. గాలి తోడొస్తే ఇంకాస్త తక్కువ.

"అంతేనా" అంది.
ఆ అంతేనాలో
ఆరేళ్లున్నాయని తర్వాత తెలిసింది.

చెల్లెలు రూతు మస్కట్‌లో, ఎవరింట్లోనో పసిపిల్లల దగ్గర.
ఈవిడ కువైట్‌లో, ఎవరింట్లోనో పొయ్యి దగ్గర.
పాస్‌పోర్టులు రెండూ ఇద్దరు యజమానుల బీరువాల్లో.
ఈవిడ సెలవు దాళవా కోతలకి,
ఆవిడది సార్వా ఊడ్పులకి.
ఒకరు కప్పుకున్న దుప్పటే ఉతికి మడతపెడితే
మోరిలో ఆ ఇంట్లో ఇంకొకరొచ్చి కప్పుకుంటారు.

"గీత తిన్నగా పోకుండా వంకర పోయిందేంటండీ?"
భూమి గుండ్రం కదమ్మా అన్నాను, బడి పంతుల్లా.
నవ్వింది.
"లేసు అల్లేటప్పుడు వరసకిన్ని కుట్లు పెంచకపోతే
బల్ల మీద పరుచుకోదండి, గిన్నెలా ముడుచుకుపోద్ది.
దేవుడు కుట్లు మర్చిపోయుంటాడు."
పదేళ్లుగా టిక్కెట్లమ్ముతున్నాను,
భూగోళం నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు.

అప్పుడడిగింది అసలు మాట:
"నేనెక్కేది మస్కట్ మీంచి పోద్దా?"

మీంచి కాదు, పక్కనించి.
గాలిని బట్టి ఒక్కో రాత్రి ఒక్కో దారి.
ఆ వేగానికి ఊరి దీపాలు కిటికీలో ఉండేది
నాలుగు నిమిషాలు, అదీ మబ్బు లేకపోతే.
నాలుగు నిమిషాలంటే
పోటు మీద మన పంటు తాడు విప్పుకుని
నడిగోదాట్లోకి వచ్చేంత.
పాటైతే ఇసుక మేట మీదే కూర్చుంటాం,
అది వేరే లెక్క.

"ఏ వేపు కిటికీ?"

పటం రెండుసార్లు తిప్పి చూసుకున్నాను.
ఇలాంటి చోట తప్పు చెప్పకూడదు.
ఎడమ.
రెక్కకి ముందు సీటు వేశాను.
దానికి కంపెనీ అదనంగా అడిగింది, నేనడగలేదు.

మెట్ల మీదే నిలబడి ఫోన్లో చెబుతోంది:
"మంగళారం రాత్రే, మీ టైము పదకొండున్నర.
డాబా మీదికి రానిస్తారా?
రానివ్వకపోతే
వంటింటి లైటు రెండుసార్లు ఆర్పి వెయ్యి."

అంత ఊరి దీపాల్లో ఒక వంటింటి లైటు.
పది కిలోమీటర్ల కింద,
ఎన్ని కిలోమీటర్ల పక్కనో.
కనపడదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను.
పంటు హారన్ కొట్టింది.
ఇవ్వాల్సిన ఇరవై రూపాయలు నా చేతిలోనే ఉండగా
చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తింది.

మంగళవారం రాత్రి ఒంటిగంటకి,
మన టైము,
నాకు నిద్ర పట్టలేదు.
నరసాపురంలో మబ్బేసింది.
అక్కడి సంగతి తెలీదు.