కాయ కింద

సొహార్ ఆసుపత్రి, మూడో అంతస్తు.
ఆరింటి ఆపరేషన్ పదింటికన్నారు.
పదింటిది, రేవులో ఇంకెవరో పడ్డారని
మధ్యాహ్నం దాటించారు.

పదమూడో మంచం, ఎర్రోళ్ల లింబన్న.
పరంజా మీంచి జారితే
మోకాలి కింద ఎముక రెండైంది.
రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.
సూదిమందుకి ఇంకా గంటన్నర.
"సిస్టరమ్మా, జర జల్ది ఇయ్యరాదుండ్రి" అంటాడు,
గడియారం నా చేతిలో ఉన్నట్టు.

నా చేతిలో ఉన్నది అతని చెయ్యే.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
మెత్తగా ఒక లోయ ఉండాలి.
లేదు.
పదకొండేళ్లుగా పట్టిన స్పానరు
అక్కడ చింతగింజంత కాయ కాయించింది.
సెలవు మీద మనీలా వెళ్తూ మారిసెల్
గ్లవ్స్ డబ్బా మీద గీసిచ్చిన బొమ్మలో
ఇలాంటి చెయ్యి లేదు.
కాయ అంచు నుంచి ఎముక వైపు జరిగి
ఊపిరి బిగబట్టి నొక్కాను.
"అగో, గాడనే" అన్నాడు.

శ్వాసకొక అంకె. మూడు. నాలుగు.
ఎముక దీనికి అతకదు, నాకు తెలుసు.
నొప్పి కూడా ఎక్కడికీ పోదు.
కిక్కిరిసిన బస్సులో పక్కవాడు
సణుక్కుంటూ కాస్త జరిగినట్టు జరుగుతుంది,
మనిషి ఒక పక్కగా కూర్చునేపాటి.

ఆ కాస్త చోట్లో కూర్చుని మాట్లాడాడు.
ఆర్మూరులో లసుంబాయి బీడీలు చేస్తుందట.
"దాని బొటనేలు గూడ గిట్లనే, కత్తెర వట్టి వట్టి.
కాలు ఇరిగిందని చెప్పలే.
సర్దయిందన్న."
ముప్పై రెండు. ముప్పై మూడు.
నా గోరు తెల్లబడింది.
అతని నుదుటి మీద ముడి ఒకటి తగ్గింది,
లేక నాకలా కావాలనిపించిందో.

డెబ్బై ఒకటి దగ్గర తోపుడు మంచం వచ్చింది.
పచ్చ టోపీ తొడిగారు.
మెడలో తాయెత్తు విప్పి నా జేబులో వేశాడు,
బస్సు చిల్లర దాచమన్నంత మామూలుగా.
తలుపు దాకా చూస్తూ నిలబడ్డాను:
కుడిచేతిని ఎడమచేత్తో తనే నొక్కుకుంటున్నాడు,
పెదాలు కదులుతున్నాయి
దేవుడి పేరో,
డెబ్బై రెండో.

పద్నాలుగో మంచం మీద ముసలి ఖమీస్,
తుంటి విరిగిన జాలరి,
ఇంతసేపూ అటు తిరిగే పడుకున్నాడు.
ఏమీ అడగలేదు.
దుప్పటిలోంచి చెయ్యి మాత్రం బయట పెట్టాడు.
వల తాళ్లు కోసిన గీతలు, ఉప్పు తిన్న చర్మం.
మళ్లీ మొదటినుంచీ వెతకాలి.

వేలు ఆనించానో లేదో
"వాహద్" అన్నాడు.
లెక్క ఆయనే మొదలుపెట్టాడు.