రశీదు

నాగర్‌కర్నూల్ కోర్టు ముందర
జిరాక్సు డబ్బా పక్కన బల్ల నాది.
ఒక కాలు కింద ఇటుక ముక్క.
లేనోళ్లకు ఉచితంగ వాదించే వకీళ్లని
లోపల గోడకు అంటించిన కాయితంల
నా పేరు తొమ్మిదోది.

ఆమె ఆ కాయితం చూసి రాలే.
గేటు కాడ చాయ పోసే శాంతన్న పంపిండు,
"ఇటుక బల్ల సారు పైసలడగడు" అని.

పేరు ఊశమ్మ. బిజినేపల్లి దిక్కు.
ముప్పై గుంటలు కాలువ కింద పోయినయి.
పరిహారం వచ్చింది గని
అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న
ఇంకో ఊశమ్మ ఖాతాల పడ్డది.
"ఆమెది భూమి పోలే, నాకు పైసల్రాలే" అని నవ్వింది.
నవ్వేటిదా అది?

వకాలత్ మీద వేలుముద్ర వేసి
మిగిలిన సిరా నెత్తికి తుడుచుకుంది.
"ఫీజెంత?"
ఏమొద్దమ్మా అన్న.
అంటుంటే నా గొంతు నాకే ముద్దొచ్చింది.

మొదటి వాయిదాకు రైసుమిల్లు సేటు కేసు అడ్డమొచ్చింది.
రెండోదానికి వనపర్తిల పెండ్లి.
మూడోనాడు ఫైలే ఇంట్ల మర్చిన.
ప్రతిసారి ఆమె మెట్ల మీద కూసొని
సద్దిమూట విప్పకుండ
నా బండి గేటు దాటేదాక చూసింది.
ఒక్క మాటనలే.

నాలుగోసారి కొంగు ముడి విప్పి
పది రూపాయల బిళ్లలు ఐదు
బల్ల మీద ఒకదాని మీదొకటి పేర్చింది.
వద్దన్న గదమ్మా అంటే

"నువ్వు వద్దంటివి, నా నోరు కట్టేస్తివి సారూ.
పుణ్యానికి చేసేటోణ్ని
ఏమాయె అని ఎట్లడగాలె?
గీ యాభై తీస్కో.
ఇగ అడుగుత."

జిరాక్సు పిల్లగాడు మిషను ఆపిండు.
బిళ్లలు లెక్కబెట్టిన, ఎందుకో రెండుసార్లు.
"రశీదు రాయి" అంది.
తేదీ వేసిన. ఊశమ్మ అని రాసిన.
"ఫీజు పూర్తిగ ముట్టింది" అని అలవాటుగ రాయబోయి
"పూర్తిగ" కాడ కలం ఆగింది.
కొట్టేసి, ముట్టింది అని మాత్రం రాసిన.

పద్దెనిమిదో తారీకు.
గేటు బయట సేటు జీపు హారన్ కొడుతుంది.
మెట్ల మీద ఊశమ్మ లేదు.
హాలు లోపల, వెనక బెంచీ మీద
నా వీపుకు సూటిగ కూసుంది.
కేసు పిలిచిన్రు. లేచిన.
వాదిచ్చిన, సగం బాగ, సగం తడబడుకుంట.
ఎదుటి వకీలు పదిహేను రోజులు అడిగిండు.
దొరికినయి.

బయట మెట్ల మీద
"ఏమాయె?" అంది.

నల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకొని
పక్కన కూసొని చెప్పిన.
సద్దిమూట విప్పింది, జొన్నరొట్టె తుంచింది.
"మల్ల చెప్పు" అంది.
మల్ల చెప్పిన.