మోగని పెళ్ళ

నలభై ఒక్క ఏళ్ళు నా పని
మట్టిలోంచి గాలిని వెళ్ళగొట్టడం.
ముద్దను తీగతో రెండుగా కోసి
ఒక సగాన్నెత్తి రెండో సగం మీద దబ్బున కొట్టడం,
మళ్ళీ కోయడం, మళ్ళీ కొట్టడం.
లోపల ఆవగింజంత గాలి దాక్కున్నా చాలు,
కొలిమిలో కప్పు పేలిపోయి
పక్కనున్న డజను కప్పుల్నీ తనతో తీసుకుపోయేది.

స్టోక్‌లో మా కార్ఖానా మూతపడింది.
సీసా ఆకారపు ఆ పాత కొలిమిలో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు.
కౌన్సిల్ వాళ్ళు నాకో తోటముక్క అద్దెకిచ్చారు,
వెనకటి మట్టిగోతుల అంచున.
మొదటి పారపోటుకే తెలిసిపోయింది:
అదే ఎర్రటి బంకమట్టి.
రిటైరైనా నన్ను వదల్లేదు.

ఫిబ్రవరిలో, వాన వెలిసీ వెలవకముందే
నడుం పడిపోయేలా తవ్వాను.
బూట్లతో తొక్కాను. పార వీపుతో చరిచి చరిచి
నున్నగా తీర్చాను, చేతులకి అలవాటైన పనే కదా.
ఏప్రిల్ ఎండకి నేలంతా పెంకైంది.
క్యారెట్లు రెండంటే రెండు మొలిచాయి.
పీకి చూస్తే
ఇరుకు బస్సులో ముసలాళ్ళలా కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

పక్క ముక్క ఐవీ టన్నిక్లిఫ్ వచ్చింది.
కార్ఖానాలో ఆవిడ కప్పుల్ని గోటితో మీటేది,
మోత విని బీట ఉందో లేదో చెప్పేది.
వంగి, ఓ పెళ్ళ తీసి మీటింది.
ఖంగుమంది.
"ఫస్టు క్వాలిటీ" అంది. "ఒక్క బీటైనా లేదు.
ఇందులో వేరెలా దూరుతుంది, ఎనాక్?"

ఇసుక బేరమాడానని చెప్పాను, ఒక లారీడు.
"బంకమట్టీ ఇసుకా కలిస్తే ఏమవుతుందో
నీకు నేను చెప్పాలా?
మనూళ్ళో గోడలన్నీ అవే."
నా గుప్పిట్లో ఓ ముద్ద పెట్టింది. "పిసుకు.
వేళ్ళకంటుకుంటే ఇంటికెళ్ళి టీ తాగు.
పొడిపొడిగా విడిపోతే, అదీ పదును, అప్పుడు రా."
నడవడానికో చెక్కపలక పడేసి వెళ్ళిపోయింది.

ఆ శరదృతువులో చర్చి వాకిట రాలిన ఆకులు
ఇరవై మూడు బస్తాలు మోశాను.
గుర్రాల శాల నుంచి ఆవిర్లు కక్కే పెంట,
చేపల దుకాణం అట్టపెట్టెలు,
మా ఇంటి బంగాళాదుంప తొక్కలు.
అన్నీ పైనే పరిచాను. తవ్వలేదు.
తవ్వకుండా ఉండటం ఎంత కష్టమో!
రాత్రుళ్ళు పక్కలో చేతులు వాటంతటవే
దుప్పటిని కోసి కొట్టేవి.

జనవరి మంచు మట్టిలోపలి చెమ్మని పట్టుకుని ఉబ్బించింది,
నేను పూడ్చిన సందుల్ని ఒక్కొక్కటిగా తెరిచింది.
మరుసటేడు పచ్చిరొట్టకని బీన్స్, రై చల్లాను.
వానపాములు నైట్ షిఫ్టుకి దిగాయి,
ఒక్కో ఆకునీ కొసపట్టుకుని కిందికి లాక్కుపోతూ.
టార్చి వేస్తే చటుక్కున మాయం.

నేలలోంచి పాత పెంకులూ పైకొచ్చేవి.
పిడి ఊడిన కప్పంచు, నీలిరంగు వంతెనలో సగం.
ఒక పెంకు మందంలో బుడగ పేలిన గుంట.
ఎవరి చెయ్యి జారిందో. నాదే కావచ్చు.
ఆ గుంటలో
దారమంత తెల్లటి వేరొకటి చుట్టలు చుట్టుకుని పడుకుంది.
కడగకుండానే జేబులో వేసుకున్నాను.

మూడో వసంతానికి
తుంటి ఆపరేషనయ్యాక ఐవీ కర్రతో వచ్చింది.
వంగలేదు. చెయ్యి చాపింది.
పెళ్ళ అందించాను.
మీటింది.
ఏ మోతా లేదు. విడిపోయి
ఆవిడ వేళ్ళ సందుల్లోంచి బూటు మీద రాలింది.

ఐవీ బూటుకేసి కాసేపు చూసింది.
దులుపుకోలేదు.
"ఉల్లినారు మిగిలితే రెండు వరసలకి సరిపడా ఇవ్వు" అంది,
పలక మీద మెల్లగా, కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయింది.